వంకర జాడీ ముందు ఎందుకు ఆగిపోతాం?

ఎండలు ముదిరితే తిరుపతి రోడ్ల పక్కన కుండలు బారులుగా దిగుతాయి. కొనేవాళ్లు ముందు కంటితో చూస్తారు. తర్వాత చేతిలోకి తీసుకుని వేలి కణుపుతో రెండు మూడు చోట్ల కొట్టి చెవి దగ్గర పెట్టుకుంటారు. ఖంగుమంటే మంచిది. బొంగురుగా పలికితే ఎక్కడో సన్నటి బీట ఉందన్నమాట. "ఇది ఓటిదన్నా, ఇంకోటి ఇయ్యి" అని పక్కన పెట్టేస్తారు. ఆ చప్పుడులో తేడా పట్టడం ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. అమ్మమ్మ కొట్టి చూస్తుంటే పక్కన నిలబడిన పిల్లలకు అదే వచ్చేస్తుంది. కుండ ఒక పక్కకు ఒరిగినా, కడుపు మీద మసి మచ్చ ఉన్నా, మూతి కొంచెం వాలినా బేరం మొదలవుతుంది.

ఆ మనుషులే ఏ ఊరికో పోయినప్పుడు ఒక ఆర్ట్ మ్యూజియంలో అడుగుపెడితే, గాజు పెట్టెలో ఒరిగిన తెల్ల జాడీ ముందు ఆగిపోతారు. పక్కనే అచ్చుగుద్దినట్టు గుండ్రంగా, నీలం పూలు గీసిన పింగాణి పాత్రలు ఉంటాయి. వాటిని చూసి "ఎంత బాగా చేశారో" అనుకుని ముందుకు నడుస్తారు. కళ్లు మాత్రం మళ్లీ ఆ వంకరదాని దగ్గరికే వస్తాయి. బజార్లో వద్దన్న లోపం ఇక్కడ ఎందుకు నచ్చుతోంది?

మ్యూజియంలో పెట్టారు కాబట్టి గొప్పదనుకుంటాం అని ఒక జవాబు చెప్పొచ్చు. కొంత నిజమే. గాజు పెట్టె, పైనుంచి పడే లైటు, కింద చిన్న అక్షరాల చీటీ, ఇవన్నీ కలిసి మనిషిని నెమ్మది చేస్తాయి. ఇంకో కారణం కూడా ఉంది. ఇంట్లో కుండకు పని ఉంటుంది. నీళ్లు నిలవాలి, కారకూడదు, గూట్లో కుదురుగా కూర్చోవాలి. మ్యూజియంలోకి వచ్చిన పాత్ర ఆ పనులన్నింటి నుంచీ విడుదలైపోతుంది. నీళ్లు కారుతాయన్న భయం పోయాక బీటను బీటగా చూసే తీరిక దొరుకుతుంది. అయితే పక్క పెట్టెలో ఉన్న వాటికీ అదే గాజు, అదే లైటు. వాటి ముందు అంతసేపు నిలబడం. కాబట్టి జవాబు ఆ పాత్రలోనే వెతకాలి.

లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో అలాంటి జాడీ ఒకటుంది. ఎత్తు సుమారు 47 సెంటీమీటర్లు. రంగుల బొమ్మల్లేవు, పూలు లేవు, రాతలు లేవు. పాల మీగడ రంగులో ఒట్టి తెలుపు. 1392 నుంచి 1910 వరకు కొరియాను ఏలిన జొసన్ వంశం కాలంలో, ముఖ్యంగా 17వ శతాబ్దం చివర, 18వ శతాబ్దంలో ఇలాంటివి చేశారు. వీటిని దల్‌హంగారి అంటారు, చందమామ జాడీ అని అర్థం. చేసినవాళ్లు పెట్టుకున్న పేరు కాదది, 20వ శతాబ్దంలో వచ్చిన పేరు. పెట్టినవాళ్లెవరో గానీ బాగా చూసి పెట్టారు. ఆ జాడీది నిండు పున్నమి గుండ్రదనం కాదు. చతుర్దశి నాడో, పాడ్యమి నాడో ఒక అంచు ఇంకా నిండకుండానో అప్పుడే కొంచెం తరిగో కనిపించే చంద్రుడు ఎలా ఉంటాడో అలా ఉంటుంది.

దాని వంకరకు కారణం చేతకానితనం కాదు. పింగాణి చేసే తెల్ల మట్టికి మన చెరువు మట్టిలా జిగురు ఉండదు. అంత పెద్ద గోళాన్ని ఒకే పట్టున కుమ్మరి సారె మీద లేపబోతే మధ్యలోనే కుప్పకూలుతుంది. అందుకని రెండు పెద్ద గిన్నెలు విడివిడిగా చేసి, ఒకదాని మీద ఇంకోటి బోర్లించి నడుము దగ్గర అతికించేవారు. తర్వాత సుమారు 1300 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాల్చేవారు. అంత వేడిలో పింగాణి మట్టి సగం కరిగి మెత్తబడుతుంది. పై సగం బరువు కింది సగం మీద పడుతుంది. అతుకు ఒకచోట కొంచెం బలంగా, ఒకచోట కొంచెం పలచగా ఉంటే జాడీ పలచగా ఉన్న వైపు వాలుతుంది. చల్లారేసరికి ఆ వాలు గట్టిపడి నిలిచిపోతుంది. మ్యూజియంలో దాని ముందు నిలబడి నడుము ఎత్తులో కళ్లు పెట్టి పక్క నుంచి చూస్తే అతుకు జాడ సన్నగా తెలుస్తుంది. అక్కడ గుండ్రదనం ఒక్క క్షణం తడబడి మళ్లీ సర్దుకున్నట్టు ఉంటుంది. ఎడమ వైపు గీత ఒకలా దిగుతుంది, కుడి వైపు గీత ఇంకోలా దిగుతుంది. చుట్టూ తిరిగితే ఏ రెండు చోట్లా ఒకే ఆకారం కనపడదు. నిండు గోళమైతే ఒక్క వైపు చూస్తే చాలు, మిగతాది ఊహించేసుకోవచ్చు. దీన్ని ఊహించలేం, తిరిగి చూడాల్సిందే. కాళ్లు అక్కడ ఆగిపోవడానికి ఇది చాలా మామూలు కారణం, అయినా అసలు కారణం ఇదే అనిపిస్తుంది.

ఆ జాడీ బతుకు కూడా తక్కువది కాదు. ఇంగ్లండ్‌కు చెందిన కుండల కళాకారుడు బెర్నార్డ్ లీచ్ 1935లో సియోల్‌లో దాన్ని కొన్నాడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అది లూసీ రీ చేతికి వచ్చింది. వియన్నాలో పుట్టి, నాజీల నుంచి తప్పించుకుని 1938లో లండన్ చేరిన కళాకారిణి ఆమె. ఆమె చేసిన గిన్నెలు సన్నటి అంచులతో, ఎంతో లెక్కగా ఉండేవి. అలాంటి చేయి ఉన్న మనిషి ఆ వాలిన జాడీని 1995లో తాను కన్నుమూసే దాకా తన స్టూడియోలోనే ఉంచుకుంది. 1999లో అది మ్యూజియానికి చేరింది. లెక్కగా పని చేసేవాళ్లకే లెక్క తప్పిన చోటు విలువ బాగా తెలుస్తుందేమో.

ఇక్కడ కుండల పనికీ మిగతా కళలకూ ఉన్న ఒక తేడా చెప్పుకోవాలి. శిల్పి ఉలి కింద పెట్టాక రాయి మారదు. చిత్రకారుడు కుంచె కడిగేశాక బొమ్మ మారదు. శ్రీకాళహస్తి కలంకారీలో కూడా రంగు అద్ది, ఉడికించి, ఉతికి, ఆరబెట్టే ప్రతి మెట్టులోనూ పనివాళ్లు పక్కనే ఉంటారు. కుమ్మరి మాత్రం తన పని అంతా అయ్యాక దాన్ని నిప్పుకు అప్పజెప్పి పక్కకు జరగాలి. కుండలు కాల్చే ఆవం మూశాక లోపల ఏం జరుగుతుందో ఎవరికీ కనపడదు. పొగ రంగు చూసి, వాసన చూసి, మంట తీరు చూసి ఊహించుకోవడమే. చివరి చేయి నిప్పుది. కుండ మీద కనిపించే లోపాల్లో చాలా భాగం ఆ చివరి చేయి వేసిన గుర్తులు.

ఆ గుర్తులను చదవడం పెద్ద కష్టం కాదు. పచ్చి మట్టి ఆరేటప్పుడు నీరు పోయి కుంచించుకుపోతుంది. అంచు ముందు ఆరి, అడుగు తడిగా ఉంటే రెండూ చెరో వైపు లాగి పగులు పుడుతుంది. లోపలి తడి పూర్తిగా పోకముందే మంట పెంచితే, నీరు ఆవిరై బయటికి దారి దొరక్క గోడను పెచ్చులుగా ఎగరగొడుతుంది. 573 డిగ్రీల దగ్గర మట్టిలోని ఇసుక రేణువులు ఒక్కసారిగా ఉబ్బుతాయి, చల్లారేటప్పుడు అదే వేడి దగ్గర మళ్లీ ముడుచుకుంటాయి. తొందరపడి ఆవం తెరిస్తే చల్లగాలి తగిలి కుండ టప్పుమని చిట్లేది అందుకే. పింగాణి పాత్రల పైపూత మీద కనిపించే సాలెగూడు లాంటి గీతలకు కారణం వేరు. చల్లారేటప్పుడు పూత ఎక్కువ కుంచించుకుని, లోపలి మట్టి తక్కువ కుంచించుకుంటే, పొట్టి చొక్కా బిగుసుకున్నట్టు పూత బిగుసుకుని చిట్లుతుంది. ఇది మొదట లోపమే. చైనాలో సాంగ్ రాజుల కాలం పనివాళ్లు ఆ చిట్లడాన్ని పట్టుకుని, కావాలనే రప్పించి, దాన్నే ఒక అలంకారం చేశారు.

మసి మచ్చ సంగతి ఇంకా బాగుంటుంది. మన మట్టిలో ఇనుము ఉంటుంది. మంటలో గాలి బాగా ఆడితే ఆ ఇనుము ఎర్రబడుతుంది, కుండ ఎర్రగా వస్తుంది. ఎక్కడ కట్టె ఆనుకుని, గడ్డి కప్పి, గాలి అందకుండా పోతుందో అక్కడ పొగ పట్టి నల్లబడుతుంది. అంటే ఎర్ర కుండ మీద ఉన్న నల్ల మచ్చను చూసి, ఆ రోజు ఆవంలో ఆ కుండ ఏ పక్కకు పడుకుందో, దానికి ఏది ఆనుకుందో చెప్పొచ్చు. దక్షిణ భారతంలో ఇనుప యుగం నాటి రాతి సమాధుల్లో దొరికే పాత్రలు లోపల, మూతి దగ్గర నల్లగా, కింద ఎర్రగా ఉంటాయి. బోర్లించి కాల్చి, లోపలికి గాలి పోకుండా చేస్తే ఆ రెండు రంగులు వస్తాయని పరిశోధకులు చెబుతారు. పలమనేరు ప్రాంతంలో ఆ కాలపు సమాధులు ఉన్నాయి, ఊళ్లో వాళ్లు వాటిని పాండవుల గుళ్లంటారు. బజార్లో బేరమాడే మసి మచ్చా, మ్యూజియంలో వేల ఏళ్లనాటి అందంగా చూసే నలుపూ ఒకే నిప్పు బిడ్డలు. ఒకటి అనుకోకుండా వచ్చింది, ఒకటి అనుకుని రప్పించింది, అంతే తేడా.

తెలుగు ఇళ్లలో మచ్చకు ఇంకో స్థానం కూడా ఉంది. బిడ్డకు స్నానం చేయించి, పౌడరు రాసి, కొత్త బట్టలు తొడిగి, చివరికి బుగ్గ మీదో అరికాలిలోనో కాటుకతో నల్ల చుక్క పెడతారు. ముద్దుగా ఉన్నదాని మీద కావాలనే ఒక మరక పెట్టడం అది. దిష్టి తగలకూడదని పెట్టినా, ఆ చుక్క పెట్టాక బిడ్డ ఇంకా ముద్దొస్తుందని ఏ తల్లినడిగినా చెబుతుంది. కట్టే ఇంటి ముందు, కాపుకొచ్చిన చేను మధ్య సున్నం చుక్కలు పెట్టిన కుండ వేలాడదీస్తారు. లోపం లేని దాన్ని చూస్తే మనవాళ్లకు కొంచెం భయం. ఆ భయంలోనే అందం గురించి ఒక అవగాహన కూడా దాగుంది.

మరమ్మతు చేసిన పాత్రల దగ్గరికి వస్తే, ఈ రోజుల్లో అందరికీ తెలిసిన పేరు కిన్‌త్సుగి. పగిలిన ముక్కలను లక్కచెట్టు జిగురుతో అతికించి, అతుకు మీద బంగారు పొడి అద్దే జపాన్ పద్ధతి. వాట్సాప్‌లో పొద్దున్నే వచ్చే సూక్తుల్లో అది ఇప్పుడు బాగా తిరుగుతోంది, "పగిలినా బంగారంలా మెరువు" అనే రకంలో. అలా సూక్తిగా మార్చేశాక అసలు వస్తువు కనిపించకుండా పోతుంది. ఆ జిగురు తేమ ఉన్న చోటే గట్టిపడుతుంది. ఒక్కో పొర ఆరడానికి రోజులు, పని మొత్తానికి వారాలు, నెలలు పడుతుంది. ముట్టుకుంటే ఒంటికి దురద పుట్టే జిగురది. ఒక గిన్నె కోసం అంత ఓర్చుకున్నారంటే ఆ గిన్నె వాళ్లకు ఎంత ఇష్టమో చూడాలి. మెరుపు అంతా ఆ తర్వాత మాట.

కిన్‌త్సుగి కన్నా మనసు మీద గట్టిగా పడే మరమ్మతు ఒకటుంది. టోక్యో నేషనల్ మ్యూజియంలో ఉన్న బకోహన్ అనే టీ గిన్నె. చైనాలో 13వ శతాబ్దంలో, లాంగ్‌చువాన్ ఆవాల్లో చేసిన లేత ఆకుపచ్చ గిన్నె అది, తామర రేకులా పలుచగా ఉంటుంది. 15వ శతాబ్దంలో జపాన్‌ను ఏలిన షోగన్ అషికాగ యోషిమసా దగ్గర ఉండగా అడుగున బీట ఇచ్చింది. ఇలాంటిదే ఇంకోటి పంపమని దాన్ని చైనాకు పంపితే, ఇంత మంచివి ఇప్పుడు చేయలేమని చెప్పి, బీటకు ఇనుప కొక్కేలు బిగించి తిరిగి పంపారని కథ. లేత పచ్చటి ఒంటి మీద ఆ నల్లటి కొక్కేలు మిడతల్లా కనిపిస్తాయి, పేరు కూడా అందుకే వచ్చింది. దాచడానికి ఏ ప్రయత్నమూ లేదు.

మన ఊళ్లలో దీన్ని చూస్తే పెద్దవాళ్లు ఒక్క మాటలో చెప్పేస్తారు, "మాటేశారు" అని. ఇత్తడి బిందెకు చిల్లు పడితే మాటు వేయించుకునేవారు. సొట్టలు తీసేవాళ్లు, కళాయి పోసేవాళ్లు, మాట్లేసేవాళ్లు తిత్తి, బొగ్గులు పట్టుకుని వీధుల్లో కేకేసుకుంటూ తిరిగేవారు. మాటు పడిన బిందెను ఎవరూ దాచుకోలేదు, బావి దగ్గర నలుగురి ముందు అదే ముంచేవారు. మాటు ఉన్న బిందె అంటే ఆ ఇంట్లో అమ్మమ్మ కాలం నుంచి వాడుతున్న బిందె అని లెక్క. దాన్నెవరూ కళ అనలేదు. కానీ పెళ్లినాటి బిందెను పారేయబుద్ధి కాక నాలుగో మాటు వేయించుకున్న ఇల్లాలి మనసుకూ, టీ గిన్నెను సముద్రం దాటించి తెప్పించుకున్న షోగన్ మనసుకూ పెద్ద దూరం లేదు.

పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్టు, లోపంలో అందం అనగానే జపాన్ పేరు ఎత్తడం అలవాటైంది. తిరుపతి వాళ్లకు మాత్రం అంత దూరం పోవాల్సిన అవసరం లేదు, కొండ ఎక్కితే చాలు. తిరుమల శ్రీవారికి రోజూ జరిగే నైవేద్యంలో ఒక కొత్త మట్టికుండ సగం ముక్కలో పెరుగన్నం పెడతారు. దాన్ని ఓడు అంటారు. లడ్డు, వడ, పొంగలి ఇలా ఎన్ని ప్రసాదాలున్నా కులశేఖరపడి అనే లోపలి గడపను దాటి స్వామి దగ్గరదాకా పోయేది ఆ ఓడులో ఉన్న మాతృదద్దోజనమే అని చెబుతారు. వజ్రాల కిరీటాలున్న చోట, బంగారు పాత్రలకు కొదవలేని చోట, గడప దాటే అర్హత పగలగొట్టిన మట్టికుండ సగానికి దక్కింది.

దీని వెనక చెప్పుకునే కథ ఇక్కడి వాళ్లందరికీ తెలిసిందే. తొండమాన్ చక్రవర్తి రోజూ బంగారు పూలతో పూజ చేస్తున్నాడు. ఒకరోజు వచ్చి చూస్తే తన బంగారు పూలు పక్కకు జరిగి, స్వామి పాదాల దగ్గర మట్టి పూలున్నాయి. ఎవరివని అడిగితే, కుమ్మరి భీముడివని తేలింది. గుడికి వచ్చే తీరిక లేని భీముడు ఇంట్లోనే కొయ్య బొమ్మ పెట్టుకుని, రోజూ పని అయ్యాక చేతికి అంటుకున్న మట్టితోనే పువ్వు చేసి వేసేవాడు. కథను భక్తి కోసం చెబుతారు, అది సరే. కుండల కళ వైపు నుంచి చూస్తే ఇందులో ఇంకొకటి కనిపిస్తుంది. ఆ పువ్వుకు వేరే మట్టి తీసుకోలేదు. కడిగేసుకుంటే పోయే మట్టి అది, వేళ్ల సందుల్లో ఉన్నది. అలాంటి పువ్వు రేకులు సమంగా వచ్చి ఉండవు, వేలిముద్రలు పడి ఉంటాయి. కథలో గెలిచింది ఆ వేలిముద్రలున్న పువ్వే.

కొండ కింద తాతయ్యగుంట గంగమ్మ జాతరలోనూ ఇలాంటిదే జరుగుతుంది. వారం రోజులు వేషాలతో ఊరంతా హోరెత్తాక, చివరిలో గుడి ముందు మట్టితో చేసిన అమ్మవారి విశ్వరూపాన్ని నిలబెడతారు. తెల్లవారుజామున పేరంటాలు వేషంలో ఉన్న మనిషి వచ్చి ఆ మట్టి ముఖం చెంప తొలగించడంతో జాతర ముగుస్తుంది. ఆ మట్టి పెళ్ల కోసం జనం ఎగబడతారు. దొరికిన చిన్న ముక్కను కొంగులో ముడేసుకుని ఇంటికి తీసుకుపోతారు. నిండుగా ఉన్నప్పుడు ఆ రూపాన్ని చూసి దండం పెట్టుకున్నారు. ముక్కలయ్యాక ఇంట్లోకి తెచ్చుకున్నారు.

అలాగని పగిలినదంతా మనకు మంగళకరం అనుకుంటే పొరపాటు. పూర్ణకుంభంతో స్వాగతం చెప్పే మనుషులం. ఓటి కుండ ఇంట్లో ఉండకూడదంటారు. చావు జరిగిన ఇంట్లో కుండకు చిల్లులు పెట్టి, నీళ్లు కారుస్తూ చుట్టూ తిరిగి, చివరికి పగలగొడతారు. ఓటికుండకు మోత ఎక్కువ అని మనిషిని తిట్టడానికి కూడా వాడతాం. పగులుకు మన దగ్గర ఒకే అర్థం లేదు. దేనికోసం పగిలింది, ఎవరి చేతిలో పగిలింది అన్నదాన్ని బట్టి అది పవిత్రం అవుతుంది, అపశకునం అవుతుంది, ఒట్టి నష్టం కూడా అవుతుంది.

ఆ నష్టం సంగతి తప్పకుండా మాట్లాడుకోవాలి, ఎందుకంటే లోపాన్ని పొగిడే వ్యాసాలన్నీ దాన్ని దాటేస్తాయి. చిత్తూరు జిల్లాలో పలమనేరు టెర్రకోట పనికి పేరు పడింది. మట్టి తెచ్చి, నానబెట్టి, తొక్కి, రాళ్లూ వేర్లూ ఏరి, సారె మీద లేపి, అడుగు తెరిచి ఉన్న పచ్చి కుండను లోపల రాయి ఆనించి బయట చెక్కతో కొట్టి కొట్టి మూసి, నీడలో ఆరబెట్టి, ఆవం పేర్చి, రాత్రంతా మంట కాస్తారు. తెరిచి చూస్తే పై వరసలో సగం చిట్లి ఉంటాయి. ఆ ఇంట్లో నిలబడి "పగులులో ఎంత అందముందో" అనడం ఎవరికీ చేతకాదు, చేతకాకూడదు కూడా. కట్టెల ఖర్చు, మనుషుల కష్టం, వారం పని అన్నీ ఆ చిట్లిన కుప్పలో ఉన్నాయి. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అనే సామెత ఊరికే రాలేదు.

లోపాన్ని ఇష్టపడే రుచి చాలాసార్లు ఆ లోపంతో నష్టపోనివాళ్లకే పుట్టింది. జపాన్‌లో జాతీయ సంపదగా ప్రకటించిన కిజయెమొన్ అనే టీ గిన్నె ఉంది, క్యోటోలోని దైతోకుజి మఠంలో. అది కొరియాలో 16వ శతాబ్దపు పేద ఇళ్లలో వాడిన మామూలు గిన్నె అని జపాన్ జానపద కళల ఉద్యమాన్ని నడిపిన యనగి సొయెత్సు నమ్మాడు, 1931లో దాన్ని చూసి ఆ మామూలుతనాన్నే దాని గొప్పతనంగా చెప్పాడు. గిన్నె కింది మట్టు దగ్గర పూత సరిగ్గా కరగక పూసల్లా ముద్దకట్టి ఉంటుంది. చేసిన మనిషికి అది తొందరలో, తక్కువ మంటలో జరిగిన పొరపాటు. టీ తాగడాన్ని ఒక కళగా నేర్పే జపాన్ టీ గురువులకు అదే గిన్నెలో అన్నింటికన్నా చూడాల్సిన చోటు. యనగి చూపులో నిజం ఉంది. రోజుకు వందల గిన్నెలు చేసే చేతికి అందంగా చేయాలన్న టెన్షన్ ఉండదు, ఆ నిశ్చింత గిన్నెలో దిగుతుంది. కానీ ఆ నిశ్చింత వెనక పేదరికం కూడా ఉందని గుర్తుంచుకోకపోతే ఆ మెచ్చుకోలు సగం చూపే.

కావాలని చేసిన వంకర విషయంలో తీర్పు ఇంకొంచెం కఠినంగా ఉండాలి. ఇప్పుడు ఫ్యాక్టరీలో అచ్చు పోసిన కప్పులకు అంచు ఒకచోట నొక్కి, ఒక మరక పూసి, చేతితో చేసినవని అమ్ముతున్నారు. పది కప్పులు వరసగా పెడితే పదింటికీ అదే చోట అదే నొక్కు ఉంటుంది. అది వంకరకు తీసిన ఫొటో కాపీ. సాంగ్ కాలం పనివాళ్లు కూడా చిట్లడాన్ని కావాలనే రప్పించారు కదా అని అడగొచ్చు. వాళ్లు రప్పించింది ఒక పరిస్థితిని మాత్రమే, ఏ గీత ఎటు పోవాలో నిప్పుకే వదిలేశారు. వదిలేయడం ఉన్నంతవరకు ఆ పాత్రలో జరిగినది ఏదో ఉంటుంది. అదే కంటిని పట్టి ఆపుతుంది.

మ్యూజియంలో విరిగిన పాత్రలను ఎలా చూపించాలన్నదానిలో కూడా ఇదే చర్చ నడుస్తుంది. జపాన్‌లోని నారా నగరం తోదాయిజి ఆలయంలో ఒక చందమామ జాడీ ఉండేది. 1995లో ఒక దొంగ దాన్ని ఎత్తుకుపోబోయి, పట్టుబడతానని నేలకేసి కొట్టాడు. 300కు పైగా ముక్కలైంది. ఆలయం వాళ్లు ఏరిన ముక్కలన్నీ ఒసాకాలోని ప్రాచ్య పింగాణి మ్యూజియానికి ఇచ్చారు, అక్కడి నిపుణులు దాన్ని తిరిగి నిలబెట్టారు. ఇప్పుడు చూస్తే అతుకులు దాదాపు కనిపించవు. మరమ్మతు చేసేవాళ్లలో ఒక లెక్క ఉంది: అతుకు ఆరడుగుల దూరం నుంచి కనిపించకూడదు, ఆరంగుళాల దగ్గర కనిపించాలి. చూసేవాళ్ల కళ్లకు అడ్డం రాకూడదు, అలాగని ఎవరినీ మోసం చేయకూడదు. బంగారంతో చాటే పద్ధతికీ, అసలు లేనట్టు దాచే పద్ధతికీ మధ్య ఇది చాలా న్యాయమైన దారి.

మన ప్రాంతపు మ్యూజియాలకు వచ్చేవాళ్లు ముందు విగ్రహాల దగ్గర నిలబడతారు. చంద్రగిరి కోట రాజమహల్ మ్యూజియంలో రాతి విగ్రహాలు, కంచు విగ్రహాల ముందు జనం ఫొటోలు తీసుకుంటుంటారు. ఏ మ్యూజియంలోనైనా కుండ పెంకుల పెట్టె ఉంటే దాన్ని దాటిపోవడానికి పది సెకన్లు చాలు. పెంకులను ఎక్కువగా బయటి వైపు పైకి పెట్టి సర్దుతారు, రంగు, గీతలు ఉన్నవైపు అది. నాలుగింట ఒక పెంకునైనా బోర్లించి లోపలి వైపు చూపిస్తే బాగుంటుంది. లోపల సారె తిరిగినప్పుడు వేళ్లు లాగిన వలయాలు ఉంటాయి, కింది భాగం పెంకైతే లోపల రాయి ఆనించి కొట్టిన చోట లోతు తక్కువ గుంటలు ఉంటాయి. బొటనవేలు పెడితే సరిగ్గా సరిపోయే గుంట కొన్నిసార్లు దొరుకుతుంది. చీటీ మీద కాలం, దొరికిన చోటు రాసినట్టే "ఇవి చేసిన మనిషి వేళ్ల గుర్తులు" అని ఒక్క ముక్క తెలుగులో రాస్తే చాలు. కుండను కణుపుతో కొట్టి చూసే అలవాటున్న చేతులు గాజు మీద ఆనించి ఆ గుంటను చూస్తాయి.